నాగావళి ఒడ్డున శిక్షణకు వెళ్ళే ముందు: వానాకాలం జాగ్రత్తలు

ఈ వానాకాలంలో శ్రీకాకుళం పట్నంలో నాగావళి ఒడ్డుకు జీవవైవిధ్య శిక్షణ కోసం వచ్చే విద్యార్థులు, కార్యకర్తలు, వాళ్ళను వెంటపెట్టుకొచ్చే టీచర్ల కోసం ఇది రాస్తున్నాను. పక్షుల లెక్క, మొక్కల గుర్తింపు, నీటి పరీక్ష లాంటి పాఠాలు ఎవరైనా చెప్తారు. ఏటి దగ్గర ఎలా మసలుకోవాలో చాలామంది చెప్పరు. అది తెలియకపోతే ప్రమాదం మనకే కాదు, మనం కాపాడదామని వెళ్ళిన జీవాలకు కూడా.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది, శ్రీకాకుళంలో చినుకు పడకపోయినా నాగావళికి వరద వస్తుందని. ఈ ఏరు పుట్టింది ఒడిశాలోని కలహండి కొండల్లో. రాయగడ, కోరాపుట్ జిల్లాల వాననీరు కలుపుకుని మన్యంలోకి దిగుతుంది. తోటపల్లి బ్యారేజీ దాటి, సంగాం దగ్గర సువర్ణముఖి, వేగావతులతో కలిసి, నారాయణపురం ఆనకట్ట మీదుగా పట్నానికి చేరుతుంది. పుట్టిన చోటు నుంచి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలిసేదాకా సుమారు 256 కిలోమీటర్లు. 2017 జులైలో రాయగడ జిల్లాలో కుండపోత వాన కురిసి తేరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. ఆ వానకు పొంగిన నాగావళే కిందికి మన జిల్లాకు వచ్చింది.

అందుకని వాతావరణ శాఖ హెచ్చరికల్లో శ్రీకాకుళం ఒక్కటే చూస్తే చాలదు. ముందు రెండు రోజులు రాయగడ, కోరాపుట్, పార్వతీపురం మన్యం జిల్లాలవి కూడా చూడాలి. తోటపల్లి గేట్లు ఎత్తారా, ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు అన్నది అధికారులను అడిగి తెలుసుకోవాలి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077. గేట్లు ఎత్తారంటే ఆ రోజు ఏటి ఒడ్డు కార్యక్రమం లేనట్టే. బ్యానర్ కట్టేశాం, టిఫిన్లు చెప్పేశాం, అతిథి వచ్చేస్తున్నారు అని మొహమాటపడొద్దు. అదే పాఠం హాల్లో చెప్పుకోవచ్చు.

నీరు తక్కువగా ఉన్నప్పుడు ఏరు మైదానంలా కనిపిస్తుంది. కుర్రాళ్ళకు మధ్యలో ఇసుక దిబ్బ మీదకు వెళ్ళి ఫోటో దిగాలనిపిస్తుంది. ఈ సీజన్లో ఎవరూ దిబ్బల మీదకు వెళ్ళకూడదు, వెనక పాయలో నీరు పెరిగితే తిరిగి రావడానికి దారి ఉండదు. ఇసుక తవ్విన గోతులు ఇంకా ప్రమాదం. వేసవిలో కళ్ళకు కనిపించిన గొయ్యి కొత్త నీరు రాగానే మాయమవుతుంది, పైన మోకాలి లోతు నీరులాగే ఉంటుంది. అందులో అడుగు పడితే ఈత వచ్చినవాడు కూడా తేరుకోలేడు. ఇక పారే నీటి వేగం సంగతి. జానెడు లోతు నీరు ఉరవడిగా పారుతుంటే చాలు, పెద్దవాళ్ళ కాళ్ళు కూడా నిలవవు. కాబట్టి శిక్షణంతా గట్టు మీదే. నీటి నమూనా కావాలంటే తాడు కట్టిన బకెట్టు వేసి పైకి లాగండి.

గట్టు అంచున కూడా నిలబడొద్దు. వరద కోసిన మట్టి గోడలు పైకి గట్టిగా కనిపిస్తాయి, అడుగున బోలుగా ఉంటాయి. ఆ గోడల్లోని బొరియల్లోనే లకుముకి పిట్టలు, తేనెటీగలను పట్టి తినే పచ్చ పిట్టలు గూళ్ళు పెట్టుకుంటాయి. పైన పదిమంది నిలబడితే గోడ కూలుతుంది, గూళ్ళూ పోతాయి. అంచు నుంచి బాగా వెనక్కి నిలబడి బైనాక్యులర్‌తో చూస్తే సరిపోతుంది. తీతువు పిట్ట అయితే మార్చి నుంచి ఆగస్టు దాకా నేల మీదే, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. గుడ్లు రాళ్ళ రంగులోనే ఉంటాయి, కాలు పడేదాకా తెలియదు. పిట్ట అరుస్తూ మన తల మీద చక్కర్లు కొడుతుంటే గూడు అక్కడే ఉందని అర్థం. ఆగి, వచ్చిన దారినే వెనక్కి రండి. వెతకొద్దు, ఫోటో కోసం కూర్చోవద్దు. ఎండలో తల్లి ఎంతసేపు గూటికి దూరంగా ఉంటే గుడ్లకు అంత ముప్పు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. శిక్షణ తేదీ ఖాయం చేయకముందే రేవు మనుషులను కలవండి. వలలు వేసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, గేదెలు కడిగేవాళ్ళు, కోటేశ్వరస్వామి గుడి వైపు రోజూ స్నానానికి వచ్చే పెద్దలు ఏటిని ఏడాది పొడుగునా చూస్తున్నవాళ్ళు. గొయ్యి ఎక్కడుందో, ఊబి ఎక్కడుందో, నిన్నటికీ ఇవాళ్టికీ నీటి రంగు ఎలా మారిందో వాళ్ళకు తెలుసు. "ఏరు ఎర్రబడింది, పైకి వచ్చీండి" అని ఒక తాత కేకేస్తే, మన ఫోన్లో ఏ హెచ్చరికా రాకపోయినా పైకి వచ్చేయాలి. నీరు ఎర్రబడడం, పుల్లలూ నురగా కొట్టుకురావడం వరదకు ముందు గుర్తులు. వాళ్ళలో ఒకరిని రోజంతా మనతో ఉండమని అడగండి. కూలి పోగొట్టుకుని వస్తారు గనుక ఆ రోజు డబ్బు ఇవ్వండి, శిక్షకుల వరసలోనే కూర్చోబెట్టండి.

వాళ్ళ దగ్గరకు పాఠం చెప్పడానికి వెళ్ళొద్దు. సబ్బు నీళ్ళు కలుపుతున్నారని, చిన్న కన్ను వల వేస్తున్నారని మొదటి మాటలోనే తప్పు పడితే రెండో మాట ఉండదు. పట్నం మురుగంతా ఏట్లో కలుస్తుంటే తమను ఎందుకు అంటున్నారని వాళ్ళు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ముందు వినండి. కొత్త నీరు రాగానే ఏ చేపలు గుడ్లతో ఎదురెక్కుతాయి, చిన్నప్పుడు చూసి ఇప్పుడు కనపడనివి ఏవి అని అడగండి. అలా అడిగితే గుడ్ల చేపలను కొన్నాళ్ళు వదిలేద్దామన్న మాట వాళ్ళ నోటి నుంచే రావచ్చు. అడగకుండా ఫోటోలు తీయొద్దు. పథకాలు ఇప్పిస్తాం, డబ్బులు వస్తాయి అని మాట ఇవ్వొద్దు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్, అంటే అక్కడి మొక్కలు, జీవాలు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రాసిపెట్టే పుస్తకం తయారు చేయాలి. మీరు సేకరించింది ఆ రిజిస్టర్‌కు ఇవ్వాలనుకుంటే, చెప్పినవాళ్ళ అనుమతి తీసుకున్నాకే ఇవ్వండి. ఎక్కువ చేపలు పడే మడుగు ఫలానా చోట ఉందని రాసేస్తే ఒకరి బతుకుదెరువు బయటపెట్టినట్టే. గూళ్ళ సంగతీ ఇంతే. చూసిన జీవాల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో లొకేషన్ కచ్చితంగా కనపడకుండా చేసే సెట్టింగ్ ఉంది, వాడండి. వాట్సాప్ గ్రూపుల్లో గూటి లొకేషన్ అసలే పంపొద్దు. తాబేలు కనిపిస్తే చేత్తో పట్టుకుని చూపించొద్దు. మన చెరువుల్లో, ఏళ్ళలో దొరికే మామూలు తాబేలుకు కూడా 1972 వన్యప్రాణి రక్షణ చట్టం రక్షణ ఉంది.

శుభ్రం చేసే కార్యక్రమం కూడా పెట్టుకుంటే ప్లాస్టిక్, గాజు, తెగిన వలలు తీయండి. గుర్రపుడెక్క తీస్తే ఒడ్డు నుంచి దూరంగా వేయండి, లేదంటే తర్వాతి వరదకు మళ్ళీ ఏట్లోకే వస్తుంది. రెల్లు, జమ్ము మాత్రం పీకొద్దు. చూడ్డానికి పిచ్చి మొక్కల్లా ఉన్నా గట్టును పట్టి ఉంచేవి అవే, పిట్టలు దాక్కునేదీ అక్కడే. జేసీబీ పెట్టి ఒడ్డును చదును చేయడం శుభ్రం చేయడం కాదు.

బట్టల సంగతి క్లుప్తంగా: పొడుగు చేతుల చొక్కా, కాలికి పట్టీ ఉన్న చెప్పులు. గమ్ బూట్లు గట్టు మీద బురదకు మంచివే, కానీ వాటితో నీటిలోకి జారితే బూట్లో నీళ్ళు నిండి పైకి లేవలేం. అయిదారుగురికి ఒక బాధ్యుడు, గంటకోసారి తలలు లెక్కపెట్టడం, అందరికీ కనపడే చోట పొడవాటి తాడు, మూత బిగించిన ఖాళీ క్యాను. ఎవరైనా నీటిలో పడితే దూకొద్దు, తాడు కట్టిన క్యాను విసరండి. ఉరుము వినపడగానే గట్టు దిగి పక్కా భవనంలోకి వెళ్ళిపోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. చెట్టు కింద నిలబడడం ప్రాణాంతకం. దామిని యాప్ పిడుగుల హెచ్చరికలు ఇస్తుంది.

వరద నీటితో పాములు గట్టుకు ఎక్కుతాయి. నీటిపామేలే అని ఎవరూ పట్టుకోవద్దు. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, పసరు పోయడం ఏవీ చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, నేరుగా సర్వజన ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు, అందుకే బాగానే ఉన్నాడని ఇంటికి పంపొద్దు.

చేతికి, కాలికి పుండ్లు, గీతలు ఉన్నవాళ్ళు మురుగు కలిసే చోట నీరు ముట్టుకోకూడదు. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం వస్తుంది. ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో కూడా ముందే చూసుకోండి. శిక్షణ అయిపోయాక నెల లోపల ఎవరికైనా జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడడం కనిపిస్తే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఏటి ఒడ్డున బురదలో, నీటిలో పనిచేసిన సంగతి మొదటి మాటగా చెప్పాలి.