కబురు ఎందుకు ఆగిపోయింది? నిఘా సంస్థల మధ్య నమ్మకం: సమస్య - పరిష్కారం

తిరుపతిలో గ్రూప్-1, సివిల్స్ రాసే పిల్లలకు అంతర్గత భద్రత పాఠం చెప్తుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "మిత్రదేశాలే కదా సార్, ఉగ్రవాదుల సంగతి కూడా ఒకరి దగ్గర ఒకరు ఎందుకు దాస్తారు?" దాపరికం ఊరికే రాదు. తేడా ఎక్కడ వచ్చిందో లక్షణాన్ని బట్టి పట్టుకోవచ్చు. వెతుకులాట మాత్రం మన గడప లోపలి నుంచే మొదలుపెట్టాలి.

సమస్య: నిన్నటిదాకా వచ్చిన సమాచారం ఉన్నట్టుండి ఆగిపోయింది

కారణం: వాళ్లు ఇచ్చింది మన దగ్గర పొక్కిందేమో ముందు చూడండి. 2017 మే 22న మాంచెస్టర్‌లో బాంబు పేలి 22 మంది చనిపోయారు. బ్రిటన్ నమ్మి ఇచ్చిన ఆధారాల ఫొటోలు రెండు రోజులకే అమెరికా పత్రికలో అచ్చయ్యాయి. బ్రిటన్ పోలీసులు వెంటనే ఆ దర్యాప్తు వివరాలు అమెరికాకు ఇవ్వడం ఆపేశారు. గట్టి హామీ వచ్చాకే మళ్లీ మొదలుపెట్టారు.

మా పెదనాన్న వాళ్ల ఊరు శేషాచలం అడవి అంచున ఉంటుంది. అక్కడ మేకలు కాసే ఒకాయన, రాత్రిపూట ఎర్రచందనం దుంగలు లోడు చేస్తుంటే చూసి, ఒక ఆఫీసుకు పోయి చెప్పొచ్చాడు. "నా పేరు రానీయొద్దు సామీ" అని రెండుసార్లు బతిమాలినాడంట. మర్నాడు పొద్దున టీ అంగడిలో గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి పక్క బెంచీ మీదున్నోడు అడిగినాడు: "రాత్రి ఏందో చూసినావంటనే?" ఆయన ఆ టీ తాగలేదు. తర్వాత ఎవరు ఏమడిగినా, తనకు కండ్లు సరిగా కనబడవనే చెప్పినాడు. దేశాల మధ్య నడిచే ప్రతి కాగితం వెనకా ఇలాంటి మనిషే ఒకరుంటారు.

పరిష్కారం: ఇచ్చినవాళ్ల అనుమతి లేకుండా మూడో చేతికి ఇవ్వకూడదు. నిఘా సంస్థల మధ్య ఇదే మూల నియమం. అయినా పొక్కితే, వాళ్లు పేపర్లో చదివేలోపు మనమే ఫోన్ చేసి చెప్పాలి. ఆ కాగితం ఎవరెవరి చేతుల మీదుగా పోయిందో వాళ్ల ముందు పెట్టాలి.

సమస్య: సమాచారం ఇస్తారు, చెప్పిన మనిషిని మాత్రం చూపించరు

కారణం: ఆ మనిషిని కాపాడుకోవడం, కొన్నిసార్లు తమ సొత్తు అన్న పట్టుదల. "కర్వ్‌బాల్" అనే మారుపేరున్న ఇరాకీ, జర్మనీ నిఘా సంస్థ చేతిలో ఉండేవాడు. ఇరాక్ యుద్ధానికి ముందు అమెరికన్లు అతన్ని నేరుగా ప్రశ్నించలేకపోయారు. అయినా ఇరాక్ దగ్గర సంచార జీవాయుధ ప్రయోగశాలలు (రోగక్రిములతో ఆయుధాలు చేసే లారీలు) ఉన్నాయని అతను చెప్పిన కథ 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ప్రసంగంలోకి ఎక్కింది. తాను అబద్ధం చెప్పానని 2011లో అతనే ఒప్పుకున్నాడు.

పరిష్కారం: మనిషిని ఇవ్వకపోతే మన ప్రశ్నలైనా అతని ముందు పెట్టమని అడగాలి. రెండు నివేదికలు ఒకే మాట చెప్తుంటే, రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయేమో చూడాలి.

సమస్య: హెచ్చరిక ముందే అందింది, అయినా ఘోరం జరిగింది

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. 2019 ఏప్రిల్ 4న భారత్ శ్రీలంకను హెచ్చరించింది. ఏప్రిల్ 11 నాటి అక్కడి పోలీసు లేఖలో అనుమానితుల పేర్లు కూడా ఉన్నాయి. ఈస్టర్ ఆదివారం, 21న, చర్చిల్లో, హోటళ్లలో 250 మందికి పైగా చనిపోయారు.

కారణం: రెండు దేశాల మధ్య నమ్మకం బాగానే ఉంది, తెగింది ఇంట్లో. అధ్యక్షుడికీ ప్రధానికీ పడక, ప్రధానిని ఆ దేశపు జాతీయ భద్రతా మండలి సమావేశాలకు పిలవడమే మానేశారు. మాజీ అధ్యక్షుడు, ఉన్నతాధికారులు బాధితులకు పరిహారం కట్టాలని 2023 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పోయినవాళ్లు మాత్రం రారు.

పరిష్కారం: వచ్చిన ప్రతి కబురుకూ ఒక బాధ్యుడు, ఒక గడువు ఉండాలి. మన దగ్గర కార్గిల్ తర్వాత 2001లో, నిఘా సంస్థలన్నీ సమాచారం ఒకచోట పంచుకునేందుకు మల్టీ ఏజెన్సీ సెంటర్ పెట్టారు. 2008 ముంబై దాడుల తర్వాతే అది గట్టిపడింది. సరిగ్గా జరిగితే ఎలా ఉంటుందో మన పుత్తూరే చూసింది. 2013 అక్టోబర్ 5న తమిళనాడు పోలీసులు తమ కేసుల్లో వెతుకుతున్న వాళ్ల ఆచూకీ పట్టుకుని అక్కడి ఒక ఇంటిని చుట్టుముట్టారు. మన రాష్ట్ర ఉగ్రవాద నిరోధక కమాండోలు, ఆక్టోపస్ బలగాలు, వచ్చి కలిశాయి. ఇంట్లో ఆడమనిషి, పిల్లలు కూడా ఉన్నారు. గంటల తరబడి సాగినా ఇద్దరు నిందితులూ ప్రాణాలతో దొరికారు. కేసు వాళ్లది, ఊరు మనది. ఎవరూ పేచీ పెట్టుకోలేదు.

ఇంకోటి: వాళ్లిచ్చిన సమాచారం ఎంతవరకు పనికొచ్చిందో తిరిగి రాయండి. తప్పని తేలినా రాయండి. జవాబు రాని చోటికి రెండోసారి ఎవరూ రాయరు.

సమస్య: కలిసి చేసిన ప్రతి పనీ శత్రువుకు ముందే తెలిసిపోతోంది

కారణం: లోపల ద్రోహి ఉండొచ్చు. వాషింగ్టన్‌లో బ్రిటన్ నిఘా ప్రతినిధిగా ఉన్న కిమ్ ఫిల్బీ సోవియట్ గూఢచారి.

పరిష్కారం: ఎవరికి ఎంత అవసరమో అంతే తెలిసేలా పనులు విడగొట్టండి. అనుమానం ఉన్న దారి మూసి, మిగతావి తెరిచే ఉంచండి. 1951లో ఫిల్బీని వెనక్కి పిలిపించుకోమని అమెరికా పట్టుబట్టింది. 1946లో బ్రిటన్‌తో రాసుకున్న సంకేత నిఘా (ఇతర దేశాల రేడియో, తంతి సందేశాలను పట్టి చదవడం) ఒప్పందాన్ని మాత్రం తెంచుకోలేదు.