చెరువు లోపల మైకు: ముందు శబ్దం, తర్వాతే కెమెరా

చెరువు మీద సినిమా అనగానే ముందు కెమెరా బిగించి, శబ్దం చివర్లో అతికిస్తుంటారు. ఇక్కడ పని తిరగేద్దాం. నీళ్ల లోపల ఏం వినిపిస్తోందో తెలిశాకే కెమెరా ఎక్కడ పెట్టాలో, షాట్ ఎంతసేపు నడవాలో తేల్చుకుందాం. అందుకు హైడ్రోఫోన్, అంటే నీళ్లలో పనిచేసే మైకు కావాలి. ఇంట్లోనే చేసుకోవచ్చు.

కావలసినవి: 27 మి.మీ. పీజో డిస్కు (కదలికను కరెంటుగా మార్చే పలచటి బిళ్ల), 5 మీటర్ల షీల్డెడ్ ఆడియో కేబుల్ (లోపలి తీగ చుట్టూ షీల్డు, అంటే లోహపు తొడుగు ఉన్నది), రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు, రికార్డరుకు సరిపోయే జాక్, బరువుకి ఓ స్టీలు నట్టు.

డిస్కు మధ్యలో తెల్లగా ఉండేది సెరామిక్, చుట్టూ పచ్చటి అంచు ఇత్తడి. కేబుల్ లోపలి తీగను తెల్లభాగానికి, షీల్డును ఇత్తడికి టంకం వేయాలి. సెరామిక్ మీద సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లకు మించి ఆనించకండి. వెండిపూత లేచిపోతే డిస్కు పనికిరాదు. తీగ కొసకు ముందే టంకం పట్టించుకుంటే ఆ రెండు సెకన్లు చాలు.

తర్వాత ఎపాక్సీ రెండు వైపులా పలచగా, రెండు పూతలు. మందంగా పూస్తే డిస్కు కదలక శబ్దం నీరసిస్తుంది. నీళ్లు ఎక్కువగా చొరబడేది కేబుల్ దగ్గరే, కాబట్టి పైతొడుగు మీదికి 2 సెం.మీ. దాకా పూయండి. ఒక రోజు ఆరాక, ఉప్పునీళ్ల గ్లాసులో రాత్రంతా ఉంచి, తీగకీ షీల్డుకీ మధ్య మల్టీమీటరు పెట్టి చూడండి. ఏదైనా రెసిస్టెన్స్ చూపించిందంటే నీళ్లు దిగినట్టే. ఎపాక్సీ బదులు బెలూన్ తొడిగితే లోపలి గాలి శబ్దాన్ని వెనక్కి కొడుతుంది. బెలూనే వాడాలనుకుంటే గాలి లేకుండా ఆముదం నింపండి. శబ్దానికి అది దాదాపు నీళ్లలాగే దారిస్తుంది.

పీజోని నేరుగా మైక్ ఇన్‌పుట్‌కి కలిపితే పలచని కీచుమోతే వస్తుంది, కింది స్వరాలు పోతాయి. ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే సిగ్నల్‌కి అది చూపే అడ్డు, కొన్ని వేల ఓములే, పీజోకి దాదాపు 1 మెగాఓము కావాలి. గిటార్ పెట్టే ఇన్‌పుట్ గానీ చిన్న ప్రీయాంప్ (సిగ్నల్‌ని రికార్డరుకు ముందే బలపరిచే పరికరం) గానీ వాడండి. రికార్డరు మైకుకు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆపేయండి. రికార్డింగ్ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో చేస్తే, నీటిపురుగుల సన్నటి రొదను తర్వాత సగం వేగానికి తగ్గించినా మసకబారదు.

తూముకీ అలుగుకీ దూరంగా, నాచు ఉన్నచోట వేయండి. ఖాళీ సీసాకు వేలాడదీసి, నీటి మట్టానికి అర మీటరు కింద, బురదకు తగలకుండా ఉంచాలి. డిస్కుకు అంటుకున్న బుడగల్ని వేలితో తుడవండి. కట్టమీద కేబుల్ రాసుకుంటే ఆ గరగరే రికార్డవుతుంది, కింద గుడ్డ పరవండి.

ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం వినండి. బడిలో హైడ్రిల్లాను గరాటు కింద పెట్టి చేసిన ప్రయోగం గుర్తుందా? ఆ బుడగలే ఇవి. నాచు కొసన ఆవగింజకన్నా చిన్న బుడగ తెగిన ప్రతిసారీ ఓ టిక్కు. మబ్బు కమ్మితే టిక్కులు నెమ్మదిస్తాయి, ఎండ వస్తే మళ్లీ ఊపందుకుంటాయి. షాట్ నిడివిని ఆ మబ్బుకే వదిలేయండి. ట్రైపాడ్ మీద కెమెరా, ఫ్రేములో నీళ్లు మాత్రమే, మబ్బు వచ్చి పోయేదాకా కట్ వద్దు. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్సు మాన్యువల్‌లో బిగించండి. ఆటోలో ఉంటే కెమెరా ఆ చీకటిని సరిచేసేస్తుంది, షాట్ ప్రాణం అక్కడే పోతుంది. శబ్దాన్నీ బొమ్మనీ తర్వాత కలపడానికి (సింక్) కెమెరాకు కనబడేలా పుల్లతో ఒకసారి నీళ్లు కొట్టండి.

50 హెర్ట్జ్ హోరు వస్తే ముందు ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి. అప్పటికీ ఉంటే అది దగ్గర్లో నడుస్తున్న మోటారు కావచ్చు. దాన్ని ఉంచడమే మేలు, ఆ నీళ్లతో పొలం పారుతోందని ప్రేక్షకుడికి చెప్పేది ఆ హోరే.

ఎడిటింగులో టిక్కుల్ని తీసేసే ఆటోమేటిక్ డీక్లిక్, రొదను తగ్గించే నాయిస్ రిడక్షన్ జోలికి వెళ్లకండి. ఆ సాఫ్ట్‌వేర్‌కి నాచు టిక్కూ, రికార్డింగులో పడ్డ చెత్తా ఒకటే.