‘ఆండోర్’ మొదటి సీజన్: మూడేసి ఎపిసోడ్లుగా చూసే పద్ధతి

‘ఆండోర్’ను మొదలుపెట్టి, రెండో ఎపిసోడ్ పూర్తికాకముందే ఇందులో ఏమీ జరగడం లేదని కట్టేసినవారు మన నెల్లూరులోనూ ఒంగోలులోనూ తక్కువేమీ కాదు. వారికి నచ్చనిది కథ అని నేను అనుకోను. చూసిన పద్ధతి కుదరలేదు. టోనీ గిల్రాయ్ రూపొందించిన ఈ ధారావాహిక, ‘స్టార్ వార్స్’ సినిమాల వరుసలో 2016లో విడుదలైన ‘రోగ్ వన్’లోని కాసియన్ ఆండోర్ అనే పాత్ర గతాన్ని చెబుతుంది. మొదటి సీజన్‌లో 12 ఎపిసోడ్లు ఉన్నాయి. 2022 సెప్టెంబరు 21న మొదటి మూడింటినీ ఒకేసారి విడుదల చేసి, తరువాత వారానికొకటి చొప్పున నవంబరు 23 దాకా వదిలారు. 2025లో రెండో సీజన్‌ను మాత్రం వారానికి మూడేసి చొప్పున నాలుగు వారాల్లో పూర్తిచేశారు. తీసినవారే చివరికి ఆ పద్ధతికి వచ్చారు కనుక, మొదటి సీజన్‌ను కూడా రోజుకొక ఎపిసోడ్‌గా కాకుండా మూడు సినిమాలు, ఒక విడి ఎపిసోడ్, ఒక పెద్ద ముగింపు అనుకొని చూడటం మేలు. మూడు ఎపిసోడ్లు కలిపితే రెండు గంటల నుంచి రెండున్నర గంటల దాకా అవుతుంది. రెండో ఎపిసోడ్ చివర ఇంటర్వెల్ ఇచ్చుకుంటే సినిమాకు అలవాటుపడిన మనకు సరిగ్గా సరిపోతుంది.

ముందుగా తెలుసుకోవలసినది చాలా కొద్ది. ఒక సామ్రాజ్యం నక్షత్రమండలాన్ని ఏలుతోంది, పేరుకు ఒక సెనేట్ ఇంకా నడుస్తోంది, తిరుగుబాటు అనేది ఒక్క జెండా కిందకు ఇంకా రాలేదు. ఇంతకుమించి తెలియకపోయినా ఇబ్బంది లేదు. 1977లో మొదలైన ఆ సినిమాల వరుసను ముందుగా చూసి రావాలని ఎవరైనా పట్టుబడితే వినవద్దు. ఈ సీజన్‌లో జెడై యోధులు లేరు, వెలుగు కత్తుల పోరాటాలు లేవు, వంశాల శాపాలు లేవు. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లను డాబాల మీద నుంచి చూస్తూ పెరిగిన ప్రాంతం మనది కనుక రోదసి అనగానే మనం నోరు తెరవము. ఈ కథ కూడా అంతే, ఇందులో నౌక అంటే ఊరు మారడానికి ఎక్కే వాహనం మాత్రమే.

పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చూసేది కాదు. మొదటి సన్నివేశమే వర్షం కురుస్తున్న రాత్రి ఒక వేశ్యాగృహంలో నడుస్తుంది. తరువాత జైలులో ఆత్మహత్య, విచారణ గదిలో చిత్రహింస కూడా వస్తాయి. ఆ హింసను కంటికి చూపించరు, కేవలం ధ్వనితో నడిపిస్తారు, అందువల్ల అది మరింత కలవరపెడుతుంది. నా లెక్కన పదిహేనేళ్ళ లోపువారికి వద్దు.

గదిని సిద్ధం చేసుకోవడానికి పది నిమిషాలు వెచ్చించండి. చిత్రంలో చాలా భాగం చీకటి, బూడిదరంగు, పొగ. కిటికీలోంచి ఎండ పడే హాలులో మొదటి ఎపిసోడ్ సగం కనిపించదు. టీవీని ‘సినిమా’ మోడ్‌లో పెట్టి, కదలికలను నున్నగా చేసే సెట్టింగ్‌ను ఆపివేయండి. లేకపోతే ఎంతో ఖర్చుపెట్టి కట్టిన సెట్ కూడా స్టూడియోలో తీసిన సీరియల్‌లాగా తేలిపోతుంది. ఇంగ్లీషులో చూస్తున్నప్పుడు సబ్‌టైటిల్స్ తప్పనిసరి, ఎందుకంటే ముఖ్యమైన మాటలను చాలామంది గొణుగుతున్నట్టుగా పలుకుతారు. నికొలస్ బ్రిటెల్ కూర్చిన ఆరంభ సంగీతాన్ని దాటవేయవద్దు, అది ఎపిసోడ్ ఎపిసోడ్‌కూ మారుతుంది. ఇంకొక చిన్న సలహా: ఆదివారం మధ్యాహ్నం చేపల పులుసుతో కడుపునిండా తిన్న వెంటనే మొదటి మూడింటికి కూర్చోవద్దు, ఆ నిదానం మీద నిద్ర గెలుస్తుంది.

ఆ మొదటి మూడు ఎపిసోడ్లే పరీక్ష. కాసియన్ తన చెల్లెలిని వెతుక్కుంటూ వెళ్ళి, దారికి అడ్డుపడిన ఇద్దరు కాపలాదారుల చావుకు కారణమవుతాడు. ఒకరిది ప్రమాదం, రెండోది ప్రమాదం కాదు. ఆ రెండో చావును చూపించిన తీరును గుర్తుంచుకోండి, ఇది ఎలాంటి కథానాయకుడి కథో అక్కడే తేలిపోతుంది. మధ్యమధ్యలో అతడి బాల్యం వస్తుంది. కెనారి అనే గ్రహంలోని పిల్లలు తమ భాషలో మాట్లాడుకుంటారు, దానికి సబ్‌టైటిల్స్ ఉండవు. మీ టీవీలో లోపమేమీ లేదు, కావాలనే అలా వదిలారు. నా దృష్టిలో ఈ బాల్య ఘట్టాలే సీజన్ మొత్తంలో బలహీనమైనవి. చెల్లెలి సంగతి కూడా ఆ తరువాత వెనకబడిపోతుంది. వాటిని ఓపికగా దాటితే చాలు.

అసలు శ్రద్ధ పెట్టవలసినది ఫెరిక్స్ అనే ఊరి మీద. పాత నౌకలను విప్పి, పనికొచ్చే భాగాలను అమ్ముకొని బతికే ఊరు అది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలనూ అక్కడి కటింగ్, పాలిషింగ్ యూనిట్లనూ దగ్గరగా చూసినవారికి ఆ ఊరు వెంటనే పరిచయమవుతుంది: ఒకే పనిని నమ్ముకున్న జనం, దుమ్ము, షిఫ్టు మారే వేళ వీధి నిండిపోవడం, ఎవరి అప్పు ఎవరికి ఉందో అందరికీ తెలిసి ఉండటం. పని ముగిశాక ఒక్కొక్కరు తమ చేతి తొడుగులను గోడకున్న మేకులకు తగిలించి వెళతారు, ఎవరి తొడుగులు ఎవరివో ఎవరూ తడుముకోరు. ఒక మనిషి రోజూ గోపురం ఎక్కి, రెండు సుత్తులతో దాగలిని మోగించి ఊరికి వేళ చెబుతాడు. ఈ రెండింటినీ గమనించి పెట్టుకున్నవారికి మూడో ఎపిసోడ్‌లో పోలీసులు దిగినప్పుడు వీధిలో రేగే చప్పుడు అర్థమవుతుంది, సీజన్ చివరి ఎపిసోడ్ అంతకంటే ఎక్కువగా అర్థమవుతుంది.

కాసియన్‌ను వెంటాడే సిరిల్ కార్న్ అనే చిన్న అధికారిని కూడా మొదటి నుంచే చూస్తూ ఉండండి. పై అధికారి ఈ చావులను ప్రమాదంగా రాసి ముగించమంటాడు, ఇతడు వినడు. అతడు తన యూనిఫాంను దర్జీతో కొంచెం సరిచేయించుకున్నాడని అధికారి పసిగట్టే ఘట్టం ఒకటి ఉంది. ఆ కుట్టు ఒక్కటి చాలు, అతడి గురించి మిగతాదంతా ఊహించవచ్చు. కైల్ సోలర్ ఈ పాత్రను ఎక్కడా నవ్వులపాలు చేయకుండా నటించాడు.

రెండో విడత, అంటే నాలుగు నుంచి ఆరు దాకా, మూడు చోట్ల నడుస్తుంది కనుక మొదటిసారి చూసేవారికి ఇక్కడే తికమక. అల్దాని కొండల్లో ఒక చిన్న ముఠా సామ్రాజ్యపు జీతాల ఖజానాను కొల్లగొట్టడానికి సిద్ధమవుతుంది. రాజధాని కొరస్కాంట్‌లో లూథెన్ రేల్ పురాతన వస్తువుల దుకాణం నడుపుతూ, ఆ దుకాణం వెనుక తిరుగుబాటును అల్లుతుంటాడు. సెనేటర్ మాన్ మోత్మా అక్కడికి కొనుగోలు నెపంతో వస్తుంది. సామ్రాజ్య భద్రతా విభాగంలో డెడ్రా మీరో అనే అధికారిణి, వేర్వేరు పరిధుల్లో జరిగిన దొంగతనాల వెనుక ఒకే చెయ్యి ఉందని కనిపెడుతుంది గానీ, పక్క పరిధి అధికారి తన ఫైలు తాకనివ్వడు. ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసిన పాఠకులకు ఆ తెల్లటి సమావేశ మందిరంలోని సన్నివేశాలను విడమరచి చెప్పనక్కరలేదు. ఈ మూడు చోట్లలో ఎవరు ఎవరికి డబ్బు ఇస్తున్నారో ఒక్కటి పట్టుకోండి, మిగతా దారాలు వాటంతట అవే కలుస్తాయి.

ఉద్యమానికి డబ్బు కోసం సర్కారు సొమ్మునే దోచడం మనకు కొత్త కాదు. 1925 కాకోరీ రైలు ఘటనను బడిలోనే చదువుకున్నాము. గిల్రాయ్ మాత్రం 1907లో తిఫ్లిస్ నగరంలో స్టాలిన్ అనుచరులు చేసిన బ్యాంకు దోపిడీని మనసులో పెట్టుకున్నట్టు చెప్పాడు. ఐదో ఎపిసోడ్ అంతా కొండల్లో నడక, అనుమానాలు, సాధన. అక్కడ విసుగు చెంది ముందుకు జరపవద్దు. నెమిక్ అనే కుర్రవాడు పాతకాలపు దిక్సూచి పరికరాన్ని చూపిస్తూ, నేర్చుకోవడం కష్టమే గానీ సామ్రాజ్యపు పరికరాల మీద ఆధారపడే పని ఉండదని వివరిస్తాడు. ఆ కుర్రవాడు రాసుకుంటున్న రాతలు తరువాత కూడా వినిపిస్తాయి. ఆ కొండలు స్కాట్లాండ్‌లోని క్రూఆకన్ ఆనకట్ట దగ్గర చిత్రీకరించినవి. ముఠాలోని సింటా పాత్రధారిణి వరద సేతు కేరళలో పుట్టిన అమ్మాయి.

ఏడో ఎపిసోడ్‌ను విడిగా ఒక రాత్రి చూడండి. అది కొంత చెల్లాచెదురుగా ఉంటుంది గానీ, దోపిడీ తరువాత చట్టాలు ఎలా బిగుసుకున్నాయో అది చెప్పాలి. సముద్రతీరపు ఊరిలో నడుస్తూ పోతున్న కాసియన్‌ను పట్టుకొని, నిన్నటిదాకా ఆరు నెలలు పడే నేరానికి ఆరేళ్ళు వేస్తారు. ఆ తీర్పు చెప్పడానికి పట్టే సమయం రెండు నిమిషాలైనా ఉండదు.

ఎనిమిది నుంచి పది దాకా ఉన్న జైలు కథను మాత్రం ముక్కలు చేయవద్దు. ఒకే దఫాలో పూర్తిచేయండి. నార్కీనా 5 జైలులో ముళ్ళకంచెలు లేవు. ఖైదీలు చెప్పులు లేకుండా తిరగాలి, ఎందుకంటే నేలే ఆయుధం. మీట నొక్కితే కరెంటు పాకుతుంది. ఒక గదికి ఏడు బల్లలు, బల్లకు ఏడుగురు, మొత్తం 49 మంది. రోజంతా ఏదో యంత్రభాగాన్ని బిగిస్తుంటారు, అది దేనికో ఎవరికీ తెలియదు. ఎక్కువ బిగించిన బల్లకు గొట్టంలో వచ్చే తిండికి రుచి కలుస్తుంది, వెనకబడిన బల్లకు షాక్. అంటే ఖైదీల చేతనే ఖైదీలను తరిమిస్తారు. గదికి మేస్త్రీగా ఉన్న కినో లోయ్ తన శిక్షలో మిగిలిన రోజులను లెక్కపెట్టుకుంటూ, ఎవరూ గొడవ చేయకూడదని గద్దిస్తుంటాడు. ఆండీ సెర్కిస్ ముఖంలో ఆ లెక్క మీద నమ్మకం సడలే క్షణాన్ని తొమ్మిదో ఎపిసోడ్ చివర చూడాలి. పదో ఎపిసోడ్ ముగింపులో లూథెన్ తన త్యాగాన్ని వివరించే ప్రసంగం ఉంది, దాన్ని వెంటనే మరొకసారి వినడంలో తప్పు లేదు.

ఇక్కడ ఒక వారం ఆగి, ఇంట్లో పెద్దవారు ఉంటే 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమం గురించి అడగండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవారు చదువుకున్న పాఠాలను తమ ఇళ్ళతో పోల్చుకొని, సారా దుకాణాన్ని మూయించారు. రోశమ్మ పేరు అలాగే అందరికీ తెలిసింది. అది ఊరూరా పాకి వేలంపాటలను అడ్డుకొనే దాకా వెళ్ళింది, 1993లో సారా మీద నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ తరగతిని నడిపినవారిలో ఎవరూ అది ఇంత దూరం పోతుందని అనుకొని ఉండరు. ఫెరిక్స్‌లో కూడా ‘ఫెరిక్స్ పుత్రికలు’ అనే ఆడవారి సంఘం ఉంది, కాసియన్‌ను పెంచిన మార్వా ఒకప్పుడు దానికి అధ్యక్షురాలు. దర్శకులు ఆ సంఘాన్ని పెద్దగా పరిచయం చేయరు. చివరి రెండు ఎపిసోడ్లకు అది ఎంత అవసరమో చూసేవారే గ్రహించాలి. పెద్దల నోట దూబగుంట సంగతి విన్నవారు దాన్ని ముందే గ్రహిస్తారు.

పదకొండు, పన్నెండు ఒకే రాత్రి చూడవలసినవి. పదకొండు కేవలం అందరినీ ఒక వీధికి చేర్చే పని చేస్తుంది, దానికంటే ఎక్కువ ఆశించవద్దు. పన్నెండో ఎపిసోడ్‌లో ఒక అంత్యక్రియ జరుగుతుంది. మరణించినవారి బూడిదను కలిపి ఇటుక చేసి ఊరి గోడలో పేర్చడం ఫెరిక్స్ ఆచారం. అధికారులు ఊరేగింపుకు వేళ, మందికి పరిమితి పెట్టి అనుమతి ఇస్తారు, వాద్యబృందం ఆ వేళ కంటే ముందే బయలుదేరుతుంది. వాద్యాలు శ్రుతి చేసుకుంటున్నట్టుగా మొదలైన సంగీతం ఎక్కడ అసలు ఊరేగింపుగా మారిందో పట్టుకోవడానికి ప్రయత్నించండి. ఆ కొద్ది నిమిషాల్లో ఎవరూ ఫోన్ చూడకూడదని ముందే చెప్పిపెట్టడం మంచిది. పేర్లు పడటం మొదలవగానే టీవీ కట్టేయవద్దు: ఖైదీలు రోజంతా బిగించినది ఏమిటో పేర్ల తరువాత వచ్చే చిన్న దృశ్యంలో ఉంది.

ఆ తరువాత రెండో సీజన్‌కు వెళ్ళండి. అందులోనూ 12 ఎపిసోడ్లే, మూడేసి ఎపిసోడ్లు కథలో ఒక్కొక్క సంవత్సరం. ‘రోగ్ వన్’ను దాని తరువాతే చూడటం ఉత్తమం, ఇదివరకే చూసినవారికి మాత్రం పోయేదేమీ లేదు, ఎలా ముగుస్తుందో తెలిసి చూడటంలో వేరే బరువు ఉంది. ఈలోగా పాత్రల పేర్లను ఇంటర్నెట్‌లో వెతకవద్దు. నటుడి పేరు తెలుసుకుందామని కొడితే, ఆ పాత్ర ఎప్పుడు, ఎలా చనిపోతుందో మొదటి రెండు వరుసల్లోనే కనిపిస్తుంది.