పాత ఒబెలిస్క్ బొమ్మకు పులుపు తగలనివ్వకండి
పారిస్‌లో 1836లో నిలబెట్టిన లక్సర్ ఒబెలిస్క్ (ఈజిప్టు నుంచి తెచ్చిన, పైన మొనదేలిన నాలుగు పలకల రాతి స్తంభం) గ్రానైట్‌ది, ఎత్తు దాదాపు 23 మీటర్లు. దాని నమూనాలో చేసిన పాత టేబుల్ బొమ్మల్లో పాలరాతివీ ఉంటాయి, ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో పోతపోసినవీ ఉంటాయి. కొనేముందు చెంపకు ఆనించి చూడండి. రాయైతే చల్లగా తగులుతుంది. అంచు వెంట సన్నటి అచ్చు గీత కనిపిస్తే అది పోతపోసిందే.

పాలరాతిదైతే అసలు జాగ్రత్త తోమేటప్పుడే. పీఠానికి ఇత్తడి పట్టీ ఉంది కదా అని ఇంట్లో చెంబులకు రుద్దినట్టు చింతపండు, నిమ్మచెక్క రుద్దకండి. ఆ పులుపు పక్కనున్న రాతిని తినేస్తుంది. మెరుపు పోయి మచ్చ పడితే ఎంత తుడిచినా పోదు. తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డ చాలు. చెక్కిన చిత్రలిపి సందుల్లో దుమ్ముకు పొడి పెయింట్ బ్రష్ వాడండి. ఎత్తేటప్పుడు మొన పట్టుకోవద్దు, పీఠం కింద చెయ్యి పెట్టండి.