కొబ్బరి మానుకు గాట్లు, మేకులు వద్దు

ఉద్దానంలో 2018 తిత్లీ తుఫాను తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు మాను కడుతున్నాయి. ఎక్కడానికి వాటికి గాట్లు పెట్టకండి, బల్బుల కోసం మేకులు కొట్టకండి. జీడిమామిడికైతే బెరడుకూ కలపకూ మధ్య జిగటగా ఒక సన్నని పొర ఉంటుంది. కొత్త కణాలు పుట్టేది అక్కడే, గాయం అంచుల నుంచి పూడేది దానివల్లే. కొబ్బరికి ఆ పొరే లేదు. నరికిన దుంగ కొసను ఒకసారి చూడండి: నీటినీ ఆహారాన్నీ మోసే నాళాలు ముదురు చుక్కల్లా అంతటా చెదిరి కనిపిస్తాయి. ఒక్క మేకుతో చెట్టు చావదు గానీ, ఆ గాయం ఇక పూడదు. కారే రసం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు లోపలంతా తొలిచేస్తాయి. పాపం, కొబ్బరికి మొవ్వు ఒక్కటే. అది పోతే చెట్టు పోయినట్టే.

ఇప్పటికే గాట్లు ఉంటే తారు గానీ బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) గానీ పూయండి. వైరు తప్పదనుకుంటే మెత్తని తాడుతో కట్టండి. జీడి, మామిడి మొక్కలకు మాత్రం ఆ తాడును ఏటా సడలించాలి. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. తాడు బిగిస్తే వేళ్లు పస్తులుంటాయి.