హపుష కాయలు అడిగితే పొట్లం అక్కడే విప్పి చూడండి

మొన్న విజయవాడ వన్‌టౌన్‌లో ఒక మూలికల కొట్టుకెళ్లి, వైద్యుడు రాసిచ్చిన చీటీ చూపించి హపుష ఇమ్మన్నాను. ఇంటికొచ్చి విప్పితే అవి వాయువిడంగాలు, చూడటానికి మిరియాల్లా ఉండే వేరే మూలిక. ఆయన మోసం చేశాడని అనను, అడిగేవాళ్లే తక్కువ కాబట్టి చేతికొచ్చింది ఇచ్చి ఉంటాడు. అయినా తప్పు నాదే, అక్కడే పొట్లం విప్పి చూడాల్సింది.

హపుష అంటే జునిపర్ బెర్రీ. హిందీలో హౌబేర్ అంటారు, ఉత్తరాది సరుకు తెచ్చే కొట్లలో ఆ పేరు చెబితేనే తొందరగా అర్థమవుతుంది. మన ఎండలకు ఇక్కడ పెరిగే మొక్క కాదు, కాశ్మీర్, హిమాచల్ లాంటి చలి కొండల మీద పెరుగుతుంది. కాబట్టి మనకు కనిపించేది ఎప్పుడూ ఎండు కాయే. బెర్రీ అంటారు గానీ నిజానికి ఇది పండు కాదు, దేవదారు, పైన్ చెట్లకు కాసే పొలుసుల కాయలాంటిదే, కాకపోతే దీని పొలుసులు కండపట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి గుండ్రంగా అయిపోతాయి.

ఆ అతుకులే మనకు గుర్తు. కాయ కొన వైపు తిప్పి చూడండి, మూడు గీతలు మధ్యలో ఒకచోట కలుస్తాయి. విజయవాడ వాళ్లకు చెప్పడం తేలిక, బెంజి సర్కిల్ అనగానే గుర్తొచ్చే ఆ కారు గుర్తులా ఉంటుంది. మిరియానికి గానీ, వాయువిడంగానికి గానీ, తోక ఉండే చలవమిరియానికి గానీ ఇది ఉండదు. ఎండాక ముడతల్లో కలిసిపోతుంది కాబట్టి కళ్లజోడు పెట్టుకుని, వెలుతురులో నాలుగైదు కాయలు చూడండి, ఒక్కటి చూసి తేల్చేయకండి.

సైజు మిరియం కంటే పెద్దది, దాదాపు శనగగింజంత. రంగు నలుపు కలిసిన ఊదా, పైన నల్ల ద్రాక్ష మీద ఉండే తెల్లటి పూత లాంటిది ఉంటుంది, వేలితో రుద్దితే పోతుంది. కాయ ముదరడానికి రెండేళ్లదాకా పడుతుంది, ఒకే కొమ్మకు పచ్చివీ పండినవీ కలిసి ఉంటాయి, అందుకే పొట్లంలో ఒకటీ అరా పచ్చటివి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

తర్వాత ఒకటి చిదమండి. లోపల గోధుమరంగు గుజ్జు, మామూలుగా మూడు గట్టి గింజలు, వాటికి అంటుకుని జిగురు. వాసన టర్పెంటైన్‌లా, కొంచెం కర్పూరం తగిలినట్టు ఘాటుగా రావాలి. వాసన రాకపోతే అసలు రకమే అయినా పాతబడిన సరుకే, డబ్బు దండగ.

పొట్లంలో ఆకులు, పుల్లలు వస్తే పారేయకండి. అసలు రకం ఆకు సూదిలా గుచ్చుకుంటుంది, ఒక్కో కణుపు దగ్గర మూడేసి, పైవైపు ఒక తెల్ల చార ఉంటుంది. చేప పొలుసుల్లా అణిగిన ఆకులు వస్తే మాత్రం ఆ సరుకు వద్దు, జునిపర్లలోనే సబీనా అనే రకం విషం, దాని ఆకులు అలాగే ఉంటాయి. నర్సరీలో జునిపర్ అని అమ్మే కుండీ మొక్కల కాయలు కోసి కషాయం పెట్టడం కూడా ఇదే లెక్కన వద్దు. డబ్బాలో వచ్చేదైతే లేబుల్ మీద జునిపెరస్ కమ్యూనిస్ అని ఉందో లేదో చూడండి. పొడి అసలు కొనకండి, పైన చెప్పిన ఏ గుర్తూ పొడిలో కనబడదు.

ఆయుర్వేదంలో దీన్ని అజీర్ణానికి, కడుపు ఉబ్బరానికి, మూత్రం సాఫీగా రావడానికి వాడతారు. గర్భిణులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు. షుగర్ మాత్రలో, నీరు పోవడానికిచ్చే బిళ్లలో వేసుకుంటుంటే డాక్టర్‌కు ముందే చెప్పండి, వారాల తరబడి సొంతంగా వాడితే కిడ్నీలకే ఇబ్బంది. నూనె రూపంలో దొరికేది ఇంకా ఘాటు, అది తాగేది కాదు.

నేనైతే ఆ వాయువిడంగాలు తిరిగిచ్చేశాను. ఈసారి కొట్టు ముందే నిలబడి, కాయ తిప్పి మూడు గీతలు చూపించమన్నాను. ఆయనే లోపలికెళ్లి వేరే డబ్బా తెచ్చాడు.