చేపల ట్యాంకులో వేడి, చలి: హైదరాబాద్ ఇళ్ళలో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

చేప పైకొచ్చి నోరు తెరిచినా, మూలన నక్కినా, ఒంటి మీద తెల్ల చుక్కలు లేచినా మనం మొదట చేసే పని షాపుకెళ్ళి ఏదో ఒక మందు తేవడం. నేనూ అదే చేసేవాణ్ణి. మా ఇల్లు మల్కాజిగిరిలో, అయిదో అంతస్తు, నెత్తిన స్లాబు. నాలుగు వేసవులు గడిచాక తేలిందేంటంటే, మందు సీసా మూత తీసే ముందు థర్మామీటర్ చూస్తే ఆ సీసాల్లో సగం కొనే పనే ఉండదు.

అందుకని ముందు థర్మామీటర్ సంగతి. అద్దానికి బయట అంటించే స్టిక్కర్ రకం నీళ్ళ వేడి, గది వేడి కలగలిపి చూపిస్తుంది. ఏసీ గదిలో అయితే దాని మాట అసలు నమ్మొద్దు. వైరు చివరి బుడిపె నీళ్ళలో ముంచే డిజిటల్ రకం మేలు. అది సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవాలంటే గ్లాసు నిండా మంచుముక్కలు వేసి, కొంచెం నీళ్ళు పోసి, కలిపి, పది నిమిషాలాగి అందులో ముంచండి. సున్నాకి దగ్గర్లో చూపించాలి. రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఆ రెండూ ఎప్పుడూ తీసేసి చదువుకోండి.

రోజుకి రెండుసార్లు చూడాలి. తెల్లారి ఆరింటికోసారి, సాయంత్రం ఏడింటికోసారి. పగలంతా ఎండ తాగిన స్లాబు, పడమటి గోడ ఆ వేడిని ఇంట్లోకి వదిలేది చీకటి పడే వేళకే. అందుకే మధ్యాహ్నం చూసి ‘బాగానే ఉంది’ అనుకుంటే మోసపోతాం. ఈ రెండు అంకెల మధ్య తేడా రెండు డిగ్రీల లోపుంటే నిశ్చింతగా ఉండొచ్చు. నాలుగు దాటిందంటే మాత్రం కింద చెప్పేవాటిలో ఏదో ఒకటి మీ ఇంట్లో జరుగుతోందన్నమాటే.

ఏ చేపకు ఎంత అంటారా? గప్పీ, మోలీ, ఏంజెల్, ఫైటర్ 24 నుంచి 28 మధ్య హాయిగా ఉంటాయి. నియాన్ టెట్రాకి 26 దాటితే ఇబ్బంది. గోల్డ్ ఫిష్ చల్లనీళ్ళ చేప, 18 నుంచి 24 దానికి ఇష్టం. మన మే నెల దానికి శిక్షే. డిస్కస్‌కి మాత్రం 28 నుంచి 30 ఉండాలి. గోల్డ్ ఫిష్‌నీ డిస్కస్‌నీ ఒకే ట్యాంకులో వేసి ఉష్ణోగ్రత కుదరట్లేదంటే ఎవరూ ఏమీ చేయలేరు.

చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి

వేసవిలో ఎక్కువగా కనిపించేది ఇదే. మొప్పలు గబగబా కొట్టుకుంటాయి, ఫిల్టరు నీళ్ళు పడేచోట చేపలు గుమిగూడతాయి.

ఇక్కడ కరువు ఆక్సిజన్‌కి. నీళ్ళు 20 డిగ్రీలున్నప్పుడు లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టి ఉంచగలవు. 30కి వచ్చేసరికి అది ఏడున్నరకు దిగుతుంది. తగ్గింది ఒకటిన్నరే కదా అనిపిస్తుంది. కానీ నీళ్ళు వేడెక్కితే చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి, దానికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది. జీతం తగ్గిన నెలలోనే ఇంటికి చుట్టాలు దిగినట్టు. పైగా ఫిల్టరులోని బ్యాక్టీరియా, అడుగున కుళ్ళే మేత కూడా అందులోనే వాటా లాగుతాయి. మొక్కలుంటే రాత్రిళ్ళు అవీ తీసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంటుంది.

వెంటనే ఎయిర్ పంపు పెట్టండి. ఫిల్టరు పైపు పైకి జరిపి, నీళ్ళు చప్పుడు చేస్తూ పడేలా చూడండి. బుడగల్లోంచి నేరుగా కలిసే ఆక్సిజన్ తక్కువే, నీటి పైపొర కదలడమే అసలు పని. ఆ రోజుకి మేత మానేయండి. ఒక్క రోజు పస్తుంటే ఏ చేపా చావదు. ‘పాపం ఆకలేస్తుందేమో’ అని వేసిన మేతే వేసవిలో ఎక్కువ చేపల్ని చంపుతుందని నా అనుమానం.

నీళ్ళు 26లో ఉన్నా ఇలాగే నోరు తెరుస్తుంటే, చేపల వ్యర్థాల నుంచీ కుళ్ళిన మేత నుంచీ పుట్టే అమ్మోనియాని అనుమానించాలి. వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషమూ పెరుగుతుంది కాబట్టి వేసవిలో రెండూ జంటగా వచ్చేవే. పావు వంతు నీళ్ళు మార్చడం రెండింటికీ పనికొస్తుంది. అయితే ఏ నీళ్ళతో అన్నది ముఖ్యం, దాని సంగతి కింద చెప్తాను.

సాయంత్రానికి 32, 33 చూపిస్తోంది

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అరవై లీటర్ల గాజు తొట్టి ఒక లెక్కా? అయినా చల్లబరిచే ముందు వేడి ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి. కిటికీ ఎండ ట్యాంకు మీద పడుతోందా? పడమటి గోడకు ఆనుకుని ఉందా? ఫ్రిజ్ పక్కన ఉందా? మూత లోపల పాత ట్యూబ్‌లైటు, చోకు ఉన్నాయా? నీళ్ళలో మునిగి తిరిగే పంపు తినే కరెంటు దాదాపు మొత్తం చివరికి ఆ నీళ్ళలోనే వేడిగా మిగులుతుంది. రెండడుగుల ట్యాంకులో 35 వాట్ల పంపు పెట్టి, ఫ్యాన్లు కొనుక్కుంటున్నవాళ్ళను చూశాను. చెప్తే నవ్వుతారుగానీ, చలికాలంలో పెట్టిన హీటరు ప్లగ్గులోనే ఉండిపోయిన ఇళ్ళూ ఉన్నాయి.

ఇక చల్లబరచడం. ఎక్కువమంది చేసేది బాటిల్లో నీళ్ళు గడ్డకట్టించి ట్యాంకులో వేయడం. లెక్క చూడండి. కిలో మంచు కరగడానికి 80 కిలో కేలరీల వేడి లాక్కుంటుంది. వంద లీటర్ల ట్యాంకులో దానివల్ల తగ్గేది ఒక్క డిగ్రీ. కాసేపటికి మంచు అయిపోతుంది, వేడి మళ్ళీ ఎక్కుతుంది. అదే బాటిల్ పది లీటర్ల తొట్టిలో వేస్తే కథ అడ్డం తిరుగుతుంది. నీళ్ళు ఎనిమిది, పది డిగ్రీలు పడిపోయి చేప పక్కకు ఒరిగిపోతుంది. పెద్ద ట్యాంకుకి చాలదు, చిన్న తొట్టికి ప్రమాదం. అందుకే నేను మంచు జోలికి పోను.

మరి మన ఇళ్ళలో రంజన్ నీళ్ళని ఎలా చల్లబరుస్తుంది? మట్టి గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. లీటరు నీరు ఆవిరవ్వాలంటే సుమారు 580 కిలో కేలరీలు కావాలి, అంటే కిలో మంచు తినే వేడికి ఏడు రెట్లు. వంద లీటర్ల ట్యాంకులోంచి లీటరు ఆవిరైతే అయిదు డిగ్రీలకు పైగా తగ్గాలి. గది వేడి మళ్ళీ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి చేతికి దక్కేది రెండు నుంచి నాలుగు డిగ్రీలు. చేపకు అది చాలు.

దీనికి కావాల్సింది ఒక చిన్న ఫ్యాన్. కంప్యూటర్లో ఉండే 12 వోల్టుల ఫ్యాన్ అయినా, క్లిప్పుతో బిగించేదైనా సరే. ట్యాంకు మూత తీసేసి, గాలి నీటి పైభాగాన్ని ఏటవాలుగా రాసుకుంటూ పోయేలా పెట్టండి. మూత లేకపోతే చేపలు బయటికి ఎగురుతాయి కాబట్టి పైన కిటికీ దోమతెర ముక్క పరవండి. ఫ్యాన్ నీళ్ళలో పడకుండా గట్టిగా బిగించడం మర్చిపోవద్దు.

ఇందులో హైదరాబాద్ వాళ్ళకు కలిసొచ్చేది పొడిగాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి ఎంత ఆవిరినైనా తాగేస్తుంది. విశాఖలో ఉండే మా బావ ఇదే ఫ్యాన్ కొని, ‘డిగ్రీ కూడా తగ్గలేదు, నువ్వు చెప్పేవన్నీ ఇంతే’ అని ఫోన్లో తిట్టాడు. సముద్రపు తేమలో ఆవిరవడానికి చోటేది మరి? మృగశిర వెళ్ళి వానలు పట్టుకున్నాక ఇక్కడా అంతే. ఇంట్లో ఎయిర్ కూలరు చల్లదనం మాని జిడ్డు చెమట పట్టించడం మొదలెట్టిందంటే ట్యాంకు ఫ్యాన్ పని కూడా అయిపోయినట్టే. అప్పటికి బయటి ఎండలు ఎలాగూ తగ్గుతాయి కాబట్టి సరిపోయింది.

ఫ్యాన్‌తో ఒక చిక్కుంది. ఆవిరయ్యేది ఉత్త నీరే, అందులోని లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. రోజూ తగ్గిన మేరకు బోరు నీళ్ళు పోస్తూ పోతే అద్దానికి తెల్లగీత కడుతుంది, నీళ్ళ గట్టిదనం పెరుగుతుంది. రోజువారీ తగ్గినదాన్ని ఆర్వో ఫిల్టరు నీళ్ళతో నింపండి. వారానికోసారి మార్చేదానికి మామూలు నీళ్ళు వాడండి.

నీళ్ళు మార్చిన గంటకే చేపలు తలకిందులయ్యాయి

ఇది నా చేతులారా చేసిందే. మే నెల ఆదివారం, సాయంత్రం నాలుగింటికి తీరిక దొరికిందని సగం నీళ్ళు తోడేసి పైపు పెట్టాను. మేడ మీది నల్ల ట్యాంకు పొద్దుటి నుంచీ ఎండలో కాగుతోందన్న ఆలోచన లేదు. చేపల ట్యాంకులో 29, పైపులో 41. సగం సగం కలిస్తే 35. పదకొండు గప్పీల్లో ఏడు రాత్రికి పోయాయి. మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

జనవరిలో దీనికి ఉల్టా. పొద్దున్నే పైపు నీళ్ళు చేతికి జివ్వుమంటాయి. 24లో ఉన్న చేప మీద అవి పోస్తే వారం తిరక్కుండా తెల్లచుక్కలు.

రాత్రే బకెట్లో పట్టి ట్యాంకు ఉన్న గదిలోనే పెట్టుకుంటే రెండు కాలాలకూ సరిపోతుంది. తెల్లారేసరికి గది వేడికి సర్దుకుంటాయి, నల్లా నీళ్ళైతే క్లోరిన్ కూడా చాలావరకు పోతుంది. వేసవిలో మేడ మీది నీళ్ళకంటే కింద సంపులో నీళ్ళు మేలు, భూమిలో ఉంటాయి కాబట్టి ఎండ తగలదు. లిఫ్టు పనిచేస్తున్న రోజు చూసుకుని ఒక బకెట్ తెచ్చుకోండి. పోసే ముందు థర్మామీటర్ బకెట్లో ఒకసారి, ట్యాంకులో ఒకసారి ముంచి చూడండి. రెండు డిగ్రీల తేడా దాటితే ఆగండి. ఒకేసారి పావు వంతుకు మించి మార్చొద్దు.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు

దీన్ని కలిగించే పరాన్నజీవి వేరే ఉంది. కానీ నీళ్ళు హఠాత్తుగా చల్లబడి చేప నీరసపడ్డప్పుడే అది రెచ్చిపోతుంది. డిసెంబరు, జనవరి రాత్రులు ఒక కారణం. రెండోది ఎవరూ అనుకోనిది, ఎండాకాలపు పడకగది ఏసీ. రాత్రంతా ఏసీలో నీళ్ళు 25కి దిగుతాయి, పగలు ఆపేస్తే 32కి లేస్తాయి. రోజూ ఏడు డిగ్రీల ఉయ్యాల! స్థిరంగా 30లో ఉండే గప్పీ దీనికంటే సుఖంగా ఉంటుంది. ట్యాంకుని హాల్లోకి మార్చడమే దీనికి మందు.

చుక్కలు వచ్చేశాక నీళ్ళ వేడిని హీటరుతో రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 29, 30 దాకా పెంచండి. ఎందుకంటే చర్మం కింద ఉన్న పురుగుని మందు తాకలేదు, అది రాలి, నీళ్ళలో పిల్లలై ఈదేటప్పుడే మందు పనిచేస్తుంది. చల్లటి నీళ్ళలో ఆ చక్రం తిరగడానికి వారాలు పడుతుంది, వేడిలో కొద్ది రోజులు చాలు. చుక్కలు మాయమయ్యాయని మందు ఆపొద్దు, ఇంకో వారం కొనసాగించండి. వేడి పెంచారు కాబట్టి ఎయిర్ పంపు తప్పనిసరి. నియాన్‌లకూ గోల్డ్ ఫిష్‌కీ ఇంత వేడి వద్దు, మందుతోనే నెట్టుకురండి.

డోసు లీటర్ల లెక్కన ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28తో గుణిస్తే లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే 56. గులకరాళ్ళకు, పైన వదిలిన ఖాళీకి తీసేస్తే 48 అనుకోండి.

హీటరు ఉన్నా నీళ్ళు చల్లగానే, లేదంటే కాగిపోయి

హీటరు దీపం వెలుగుతోంది, ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా ఉంది అంటే నీళ్ళు తిరగట్లేదు. ఫిల్టరు నీళ్ళు పడే పక్కకు మార్చండి. దీపం వెలగడం లేదు, థర్మామీటర్ 22 చూపిస్తోంది అంటే ముందు ప్లగ్గు చూడండి, తర్వాత దాని మీది అంకెల చక్రం కొంచెం పెంచి చూడండి. ఆ చక్రం మీద 26 అంటే నిజంగా 26 అని ఏమీ లేదు, రెండు మూడు డిగ్రీలు తేడా మామూలే.

భయపడాల్సింది రెండో రకానికి. లోపలి థర్మోస్టాట్ అతుక్కుపోతే హీటరు ఆగదు. షాపతను ‘పెద్దది తీసుకోండి సార్, తొందరగా వేడెక్కుతుంది’ అని 60 లీటర్లకు 200 వాట్లది అంటగట్టాడనుకోండి, అది ఆగకపోతే నీళ్ళు గంటకు దాదాపు మూడు డిగ్రీలు లేస్తాయి. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి పులుసే. అదే 50 వాట్లదైతే గంటకు డిగ్రీ కూడా పెరగదు, బయటి చలికి సగం పోతుంది కూడా. హైదరాబాద్ చలికి మనం పెంచాల్సింది అయిదారు డిగ్రీలే కాబట్టి లీటరుకి ఒక వాటు లోపే చాలు. వంద లీటర్లు దాటితే పెద్దది ఒకటి కాకుండా చిన్నవి రెండు పెట్టండి.

నీళ్ళు మార్చే ముందు ప్లగ్గు తీసి పావుగంట ఆగాలి. కాలిన గాజు గాలికి తేలినా, దాని మీద చల్లనీళ్ళు పడినా పగులుతుంది. పగిలిన హీటరున్న నీళ్ళలో చెయ్యి పెడితే షాక్ మీకే. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకాలి. వైరు ప్లగ్గులోకి వెళ్ళే ముందు కిందికి వంగి పైకి లేచేలా వదిలితే, దాని వెంట జారిన నీటి చుక్క సాకెట్లోకి పోకుండా కిందే రాలుతుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ మర్నాడే హీటరు తీసి అటక మీద పెట్టేయండి.

కరెంటు పోయింది

వేసవిలో ఈదురుగాలి వానకు చెట్లు పడి మూడు నాలుగు గంటలు పోవడం మామూలే. ఆ కాసేపట్లో వేడి పెద్దగా మారదు, ముందు అయిపోయేది ఆక్సిజన్. సెల్స్‌తో నడిచే చిన్న ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, లేదా ఇన్వర్టరుకి ఎయిర్ పంపు ఒక్కటే తగిలించండి, అది నాలుగైదు వాట్లకు మించి తినదు. ఏదీ లేకపోతే మగ్గుతో ట్యాంకు నీళ్ళే తీసి జానెడు ఎత్తు నుంచి పోస్తూ ఉండండి, పావుగంటకోసారి ఓ ఇరవై మగ్గులు. మా ఇంట్లో ఈ డ్యూటీ అమ్మాయిది. గప్పీల సంగతి తను ఇంకా మర్చిపోలేదు, మగ్గు నా చేతికివ్వదు.